చేవెళ్ల రోడ్డు మీద మిరపకాయల ఘాటు

2012 నాటి సంగతి ఇది. అప్పటికి మొయినాబాద్‌లో, చేవెళ్ల పోయే రోడ్డు మీద, నా బండ్ల ఎలక్ట్రికల్ షాపు బాగానే నడుస్తోంది. నా పేరు యాకోబు, మాది మొయినాబాద్ పక్కనే ఉన్న హిమాయత్‌నగర్. షాపు పెట్టకముందు చర్చిల్లోనూ పెళ్ళిళ్ళలోనూ మైక్‌సెట్లు పెట్టేవాణ్ణి. ప్రార్థన మధ్యలో లౌడ్‌స్పీకర్ కుయ్యిమని కూసిందంటే పాస్టరుగారు వాక్యం ఆపేసి నా వంక చూసేవారు. ఆ చూపులకు భయపడే నేను వైరింగు ఒళ్ళు దగ్గర పెట్టుకుని నేర్చుకున్నాను. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి.

అటు గచ్చిబౌలిలో కంపెనీలు లేస్తున్నకొద్దీ ఇటు మా పొలాలు ఫామ్‌హౌస్‌లైపోయాయి. శనివారం వచ్చిందంటే చాలు, మా రోడ్డు మీద సాఫ్ట్‌వేర్ పిల్లల పెద్ద పెద్ద టూరింగ్ బండ్లు దడదడలాడేవి. వాటికి ఫోన్ చార్జర్లు, ఎక్స్‌ట్రా లైట్లు, జీపీఎస్ కావాలని నా దగ్గరికి వచ్చేవారు. ఆ తర్వాత హెల్మెట్ ఇంటర్‌కామ్ వచ్చింది. హెల్మెట్ లోపల చెవుల దగ్గర రెండు చిన్న స్పీకర్లు, నోటి దగ్గర మైకు, బయట ఎడమ పక్కన అగ్గిపెట్టంత యూనిట్. వైరు లేకుండా బ్లూటూత్‌తో పాటలు వినిపిస్తుంది, ఫోన్ కలుపుతుంది, నడిపే మనిషీ వెనక కూర్చున్న మనిషీ మెల్లగా మాట్లాడుకున్నా ఒకరి మాట ఒకరికి చేరుస్తుంది. వెనకటి రోజుల్లో మైకు పట్టుకుని ఊరంతా అరిచిన నాకు ఇద్దరే మాట్లాడుకునే ఈ మైకు భలే నచ్చింది.

ఆ వానాకాలంలో శ్రీకాంత్ అనే ఆయన వచ్చాడు. గచ్చిబౌలిలో ఒక కంపెనీలో టీమ్ లీడర్. సొంతూరు చేవెళ్ల, అక్కడి బజార్లో వాళ్ళమ్మ కౌసల్యమ్మ కిరాణా దుకాణం నడుపుతుంది. ఆయనా, భార్య స్వప్నా అజీజ్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నారు. కొత్తగా పెద్ద టూరింగ్ బండి కొన్నాడు. మరో రెండు రోజుల్లో భార్యాభర్తలిద్దరూ దాని మీద గోవా పోవాలని ప్లాను. పెళ్ళయ్యాక ఇద్దరే కలిసి పోయే మొదటి పెద్ద ప్రయాణం అదేనట. ఇంటర్‌కామ్ కావాలన్నది స్వప్న.

"ఇంట్ల ఎప్పుడు చూసిన కాల్‌లనే ఉంటడన్న," అని నవ్వుతూ చెప్పింది. "బండి మీదనన్న నాతోని నాలుగు ముచ్చట్లు చెప్తడేమో చూద్దామని."

ఆయన అడిగింది వేరు. "యాకోబన్న, నాకు ఒక్కటే. ఆఫీస్ కాల్ ఒక్కటి గూడ మిస్ కావద్దు. సాఫ్ట్‌వేర్ రిలీజ్ దగ్గరున్నది, ఎప్పుడు ఫోన్ వస్తదో తెల్వది."

"ఫికర్ చెయ్యకు సార్," అన్నాను. "ఈ యూనిట్ల ఫోన్‌దే పెద్దరికం. కాల్ వచ్చిందంటె పాటలు బంద్, ఎనక మేడం మాట బంద్, నా మాట గూడ బంద్. కాల్ ఒక్కటే ఇనపడ్తది."

కాల్ ప్రయారిటీ అంటారు దాన్ని. కంపెనీవాళ్ళు యూనిట్‌లోనే పెట్టి పంపుతారు. శ్రీకాంత్ సంతోషంగా తలూపాడు. స్వప్న మాత్రం నా వంక చూసి, "అంటే ఇంట్ల ఎట్లనో బండి మీద గూడ గట్లనే అన్నట్టు," అంది. ముగ్గురం నవ్వుకున్నాం.

శుక్రవారం వైరింగంతా అయిపోయింది. ఆ బండికి బ్యాటరీ కుడి పక్క సైడ్ కవర్ వెనక ఉంటుంది. ప్లస్ బోల్టు నుంచి నా లైను తీసి, మొదట్లోనే ఫ్యూజ్ వేశాను. కరెంటు హద్దు దాటితే తాను కాలిపోయి మిగతా వైర్లను కాపాడేది ఫ్యూజ్. బోల్టు మీద ఎర్ర రబ్బరు టోపీ తొడిగి, కవర్ బిగించి బండి ఇచ్చేశాను. ఆ రాత్రి వాళ్ళిద్దరూ గోవా పోతున్నామని చెప్పడానికి చేవెళ్లలో తల్లి దగ్గరికి పోయి అక్కడే పడుకున్నారు. శనివారం పొద్దున మళ్ళీ నా షాపుకొచ్చారు. యూనిట్లు పెయిర్ చెయ్యడం, అంటే ఒకదాన్నొకటి గుర్తు పట్టేలా కలపడం, అప్పుడు చేశాను. రాత్రి చార్జింగ్ పెట్టాలంటే యూనిట్ హెల్మెట్ నుంచి ఎట్లా ఊడదీయాలో స్వప్నకు చూపించాను. "ఇట్ల పైకి గుంజితె వచ్చేస్తది చెల్లె," అంటే రెండు మూడు సార్లు తీసి పెట్టి చూసుకుంది.

మైక్‌సెట్ల కాలం నుంచీ నాకో పద్ధతి ఉంది. స్పీకర్ ఎంత బాగా పెట్టినా, జనం మధ్యకు పోయి నిలబడి విననిదే నాకు నమ్మకం కుదరదు. హెల్మెట్లకూ అంతే. నా హెల్మెట్‌లోని యూనిట్‌ను బండి నడిపే మనిషి యూనిట్‌తో కలిపి, నా పాత బండి మీద వెనకాలే పోతూ గాలి హోరులో మాట ఎట్లా వస్తోందో వింటాను. ఆ రోజూ అట్లాగే బయల్దేరాం. చేవెళ్ల దాకా పోయి, కౌసల్యమ్మ దగ్గర ఉప్మా తిని వెనక్కి రావాలని మాట.

మొదట్లో అంతా బాగుంది. స్వప్న మాటలు వాళ్ళాయనకూ నాకూ స్పష్టంగా వినపడుతున్నాయి.

"ఇనపడ్తున్ననా?"

"మస్తు ఇనపడ్తున్నవ్."

"గోవల చేపలు తింటవా మరి? మీ అమ్మకు చెప్పనులే."

నేను విననట్టే ఊరుకున్నాను. కొత్త పెళ్ళికూతురిలా మాట్లాడుతోంది ఆ పిల్ల. నాకే ముచ్చటేసింది. అంతలో నా చెవిలో టిక్‌మని చిన్న శబ్దం, ఆపైన నిశ్శబ్దం. ఆఫీస్ ఫోన్ వచ్చిందన్నమాట. శనివారం కూడా వదలరు కదా అనుకున్నాను.

చేవెళ్ల రోడ్డు ఎట్లా ఉంటుందో ఆ దారిన పోయినవాళ్ళకు తెలుసు. రెండు పక్కలా రోడ్డు అంచు దాకా పెద్ద పెద్ద చెట్ల మొదళ్ళు. తప్పుకుందామంటే జాగా ఉండదు. ఎదురుగా టమాటాల లారీలు, ఇసుక టిప్పర్లు, బస్సులు. నేను కొంచెం ఎడంగా పోతున్నాను. ఉన్నట్టుండి ముక్కు పుటాలు మండాయి. మిరపకాయల ఘాటు. ఎవరో ఇంట్లో పిల్లకు దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో వేసినట్టున్నారు అనుకున్నాను. నేను చర్చికి పోయేవాణ్ణే అయినా ఆ వాసన మా ఊళ్ళో ఎవరికి తెలియదు! కానీ ఆ చుట్టుపక్కల ఇల్లన్నది లేదు. అటూ ఇటూ పొలాలే. ఇంత దూరం వచ్చినా ఘాటు వదలదే! దగ్గు మొదలైంది.

అప్పుడు చూశాను. శ్రీకాంత్ బండి కుడి పక్క నుంచి సన్నగా పొగ లేస్తోంది. స్వప్న మోకాలికి కాస్త కింద, సైడ్ కవర్ సందులోంచి. దానికి జానెడు దూరంలో నిండుగా పెట్రోలు ట్యాంకు.

"సార్, బండి ఆపు! పొగొస్తున్నది, ఆపు!" అని మైకులో అరిచాను. నా అరుపు నా హెల్మెట్‌లోనే ఉండిపోయింది. ఆయన ఫోన్‌లో ఉన్నాడు, ఆమెకు నా మాట చేరాలన్నా ఆయన యూనిట్ గుండానే చేరాలి. యూనిట్ మీద బటన్ గట్టిగా నొక్కిపట్టి రీడయల్ చేశాను. పొద్దున చివరిసారి చేసింది ఆయన నంబరుకే. ఆయన చెవిలో కాల్ వెయిటింగ్ బీప్ మోగి ఉంటుంది, పట్టించుకోలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. హారన్ కొట్టాను. ఆ రోడ్డు మీద హారన్ కొట్టనివాడెవడు?

స్వప్న దగ్గుతోంది. భుజాలు ఎగిరెగిరి పడటం వెనక నుంచి నాకు కనపడుతోంది. భర్త వీపు మీద చేత్తో తట్టింది. ఆయన వెనక్కి తిరగకుండా ఎడమచెయ్యి ఎత్తి చూపుడువేలు నిలబెట్టాడు. ఒక్క నిమిషం ఆగమని. ఇంట్లో కాల్ మాట్లాడుతూ ఎన్నిసార్లు ఆ వేలు చూపించాడో, ఆమె చెయ్యి అలవాటుగా ఆగిపోయింది. ఒళ్ళు మండిపోయింది నాకు. తగలబడిపోతారురా నాయనా, నీ నిమిషం ఎక్కడిది అని తిట్టుకుంటూ నా పాత బండిని చెవి మెలేసి ఉరికించాను.

పక్కకు వచ్చి చెయ్యి ఊపి, ఆగమని సైగ చేశాను. ఆయన నా వంక చూసి బొటనవేలు పైకెత్తాడు. సౌండ్ బాగుందా అని నేను అడుగుతున్నాననుకున్నాడు! ముందుకు పోయి అడ్డంగా నిలబెడదామనుకునేసరికి ఎదురుగా బస్సు. నేను ఎడమకు కోసి ఆయన వెనకకు రావాల్సి వచ్చింది. బస్సు మా పక్కనుంచి పోయిన గాలికి నా హ్యాండిల్ వణికింది. ఈసారి పొగ సన్నగా లేదు. నల్లగా, చుట్టలు చుట్టలుగా వస్తోంది. నేను వేసిన వైరింగే కాలుతోందేమో! నా చేతి పని వల్ల ఇద్దరు మనుషులు నా కళ్ళ ముందే పోతారా? ప్రభువా అనుకున్నాను. అంతకు మించి ప్రార్థన నోటికి రాలేదు.

మళ్ళీ పక్కకు వచ్చాను. ఈసారి ఆయన్ను వదిలేసి ఆమెను చూశాను. నా హెల్మెట్ అద్దం ఎత్తి, "కింద చూడు చెల్లె, పొగ!" అని అరిచాను. వినపడిందో లేదో, నా వేలు చూపించిన వైపు తల వంచింది. కళ్ళు పెద్దవయ్యాయి. రెండు చేతులతో భర్త వీపు మీద బాదింది. ఆయన మళ్ళీ ఆ వేలే ఎత్తాడు. అప్పుడు నేను నా హెల్మెట్ పక్కనున్న యూనిట్ మీద చెయ్యేసి పైకి గుంజి చూపించాను. నా చెయ్యి ఇంకా కిందకు దిగనే లేదు. ఆమె ముందుకు వంగి, ఆయన హెల్మెట్ ఎడమ పక్క యూనిట్‌ను పట్టి, ఒక్క గుంజు గుంజి పీకేసింది. తన హెల్మెట్ ఆయన హెల్మెట్‌కు ఆనించి గొంతు చించుకుని అరిచింది.

"బండి కాలుతున్నది! ఆపు!"

ఆయన ఆపాడు. ఎట్లా ఆపాడో గాని పడిపోకుండా రెండు చెట్ల మధ్యకు దింపి ఆపాడు. నేను నా బండిని కింద పడేసి పరిగెత్తాను. "తాళం బంద్ చెయ్యి! దిగుండ్రి, దూరం ఉరుకుండ్రి!" ఆమె దిగేసింది. ఆయన దిగి అక్కడే నిలబడిపోయాడు. భుజం పట్టి నెట్టేశాను.

సైడ్ కవర్ అప్పటికే మెత్తబడింది. కాలితో తన్నితే ఊడి పడింది. లోపల టూల్‌కిట్ పెట్టే రెగ్జిన్ సంచి అంటుకుని మండుతోంది. రోడ్డు పక్క మట్టి దోసిళ్ళతో ఎత్తి పోశాను. మంట అణిగింది కానీ లోపల ఏదో ఎర్రగా మెరుస్తూ చిటపటమంటోంది. కరెంటు ఆగనిదే అది ఆగదు. నా వెనక జేబులో కటింగ్ ప్లేయర్ ఎప్పుడూ ఉంటుంది. తీసి బ్యాటరీ మైనస్ కేబుల్ మీద వేశాను. లావు కేబుల్, ఒక్కసారికి తెగలేదు. మిరపకాయల పొగకు కళ్ళు కనపడటం లేదు. వేళ్ళు కాలుతున్నాయి. రెండు చేతులూ వేసి నొక్కాను. తెగింది. ఎర్రగా మెరుస్తున్నది మెల్లగా నల్లబడింది. నేను అక్కడే మట్టిలో కూలబడ్డాను.

శ్రీకాంత్ దగ్గరికి వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఏం చేసినవన్న బండికి? నిన్ననే గద వైరింగ్ చేసినవ్! స్వప్న ఉన్నది ఎనక!"

నాదీ అదే భయం. మట్టి తోసి నా ఫ్యూజ్ చూశాను. బాగానే ఉంది, కాలలేదు. నా లైను పైన ప్లాస్టిక్ కమిలింది గాని లోపల రాగి చెక్కుచెదరలేదు. మరి కాలిందేది? బ్యాటరీ ప్లస్ బోల్టుకు నేను తొడిగిన ఎర్ర టోపీ పక్కకు తప్పించి ఉంది. దాని కింద బోల్టుకు ఒక ఇనప తీగ చుట్టి ఉంది. తీగ రెండో కొస తెగి, బ్యాటరీ మైనస్ కలిసే బండి ఇనప చట్రానికి, అంటే చాసిస్‌కు, అతుక్కుపోయింది. తీగకు గుచ్చి బొగ్గులైన మిరపకాయలు, మధ్యలో నల్లగా ఉడికిపోయిన నిమ్మకాయ.

శ్రీకాంత్ దాన్ని చూసి నేల మీద కూర్చుండిపోయాడు. "మా అమ్మ," అన్నాడు.

బండి కొన్న రోజున కౌసల్యమ్మ హెడ్‌లైట్ కింద నిమ్మకాయ మిరపకాయలు కట్టిందట. ఆఫీసులో దోస్తులు నవ్వుతారని ఆయన తీసేశాడు. మళ్ళీ కట్టింది, మళ్ళీ తీసేశాడు. ముందురోజు రాత్రి ఆమె, కొడుకు కంటికి కనపడని చోటు వెతుక్కుంది. ఆ కవర్ వెనక కొడుకు పానాలు, స్క్రూడ్రైవర్లు పెట్టుకోవడం చూసి అది సామాన్ల డబ్బా అనుకుంది. దుకాణం షట్టర్‌కు శనివారం శనివారం కట్టే పద్ధతిలోనే, దారమైతే వానకు కుళ్ళిపోతుందని ఇనప తీగకు గుచ్చి, చేతికి తగిలిన బోల్టుకు గట్టిగా చుట్టింది. నా ఫ్యూజ్ ఉన్నది ఆ బోల్టు తర్వాత. దానికి ముందే తీగ తగిలితే ఫ్యూజ్ ఏం చేస్తుంది? బండి ఊగినప్పుడల్లా తీగ కొస చాసిస్‌కు తగిలి కాలుతూ వచ్చింది. కట్టిన సంగతంతా తర్వాత ఆమే చెప్పింది.

అంతలో హ్యాండిల్ మీద బిగించిన ఫోన్‌లోంచి సన్నగా గొంతు వినపడింది. స్వప్న గుప్పిట్లో నలిగిన యూనిట్ ఆగిపోయి కాల్ ఫోన్‌కే మళ్ళింది కాబోలు. "శ్రీకాంత్, ఆర్ యూ దేర్? హలో?" అని ఎవరో ఇంకా పిలుస్తున్నారు. స్వప్న పోయి ఫోన్ తీసింది. ముఖమంతా కన్నీళ్ళు. ఘాటు వల్లనో దేనివల్లనో నాకు తెలియదు.

"ఆయన ఈడ లేడు," అని కాల్ కట్ చేసింది.

శ్రీకాంత్ లేచి ఆమె దగ్గరికి పోయాడు. ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. "నేను కొట్టిన. వీపు మీద కొట్టిన. ఏలు సూపిచ్చినవ్," అని ఆమె వెక్కుతూ అంది. నేను అటు తిరిగి నా బండి లేపుకున్నాను.

బండిని తెలిసినవాళ్ళ ట్రాలీ ఆటోలో ఎక్కించి చేవెళ్ల చేరాం. దారి పొడుగునా కౌసల్యమ్మను ఎట్లా కడిగెయ్యాలో మాటలు కూర్చుకున్నాను. చదువుకున్న కొడుకు వద్దన్నా వినవా, మనుషుల ప్రాణాలతో ఆటలా అని. దుకాణం ముందు దిగగానే ఆమె కమిలిన కవర్ చూసింది, కొడుకు మట్టి బట్టలు చూసింది, తీగ చూసింది. చేతిలోని తూకం గిన్నె జారి కింద పడింది.

"నేనే కట్టిన కొడుకా," అంది. "నీకేం గావద్దని కట్టిన. నేనే సంపుకుంటుంటిని గదా నిన్ను!" అని నెత్తి కొట్టుకోబోతే కొడుకు చేతులు పట్టుకున్నాడు.

"నేను ముందల కట్టనీయలేదమ్మా. కట్టనిస్తె నువ్వు ఆడ దాస్తుంటివా?" అన్నాడు.

నేను కూర్చుకున్న తిట్లలో ఒక్కటీ బయటకు రాలేదు. "అమ్మా, ఇకనుంచి బ్యాటరీ దిక్కు పోకు. కట్టాల్నంటె దారంతోని కట్టు, ముందల కట్టు," అన్నాను. కాసేపటికి తేరుకుని, కళ్ళు తుడుచుకుంటూ ఆవిడ నాతో, "అయితె ఘాటు మస్తు వచ్చిందా బిడ్డ?" అని అడిగింది. వచ్చిందన్నాను. "అంటే దిష్టంత పోయినట్టే," అంది. నిజం చెప్పాలంటే, ఆ మిరపకాయలే లేకపోతే ఉత్త తీగ కాలడం నా ముక్కుకు అంత ముందుగా తెలిసేదీ కాదు.

ఆ రోజు తర్వాత టెస్ట్ రైడ్‌కు ముందు ఎవరి బండైనా సరే కవర్లన్నీ తెరిచి చూడనిదే తాళం తిప్పను. నిన్ననే బిగించాను కదా అన్న ధీమా పోయింది. రాత్రికి రాత్రి ఆ బండి చుట్టూ ఎవరెవరి ప్రేమలు తిరిగాయో మనకెట్లా తెలుస్తుంది?

వారం ఆలస్యంగా గోవా ప్రయాణం పెట్టుకున్నారు. కొత్త కేబుల్ వేసి బండి సిద్ధం చేశాను. ముందు నిమ్మకాయ వేలాడుతోంది, దారంతోనే. యూనిట్లు మళ్ళీ కలుపుతుంటే శ్రీకాంత్ ఫోన్ నా చేతికిచ్చి, "ఫోన్ కలపకన్న, వద్దు," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. కానీ ఆఫీసు సంగతి ఆయన ముఖంలో కనపడుతూనే ఉంది.

స్వప్న ఆ ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది. "కలుపన్న. ఆయన దానికి కాదు, నా దానికి కలుపు."

నేనెప్పుడూ అట్లా చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదంటే ఎవరూ అడగలేదు. ఆయన ఫోన్‌ను ఆమె యూనిట్‌కు పెయిర్ చేశాను. కాల్ వస్తే ఆమెకు వినపడుతుంది. అవసరమైతే ఆపించి ఆయనకిస్తుంది.

రెండు రోజులయ్యాక వైరింగు ఎట్లా ఉందోనని మనసాగక శ్రీకాంత్ నంబరుకు ఫోన్ చేశాను. గాలి హోరు మధ్య స్వప్న గొంతు పలికింది.

"బండి నడుపుతుండన్న. నాతోని ముచ్చట వెడుతుండు. అర్జెంటా?"

"కాదు చెల్లె, అర్జెంట్ ఏం లేదు," అని పెట్టేశాను.

ఇప్పుడు ఇద్దరు కలిసి ఇంటర్‌కామ్ కోసం వస్తే, డబ్బా విప్పకముందే ఒక ప్రశ్న అడుగుతాను. ముందు ఎవరి మాట వినపడాలి? నడిపేవాడు దాదాపు ఎప్పుడూ ఫోన్ అనే అంటాడు. నేను రాసుకోను. వెనక కూర్చోబోయే మనిషి వైపు తిరిగి, మళ్ళీ అదే ప్రశ్న అడుగుతాను.